ఎనిమిది మంచాల మేడగది

ఫిబ్రవరి 3, సోమవారం

పిల్లలు పడుకున్నారు. లేచేదాకా గంటన్నర నాది. ఆయా అవతల బట్టలు మడతపెడుతోంది.

తమ్ముడు నిన్న డ్రాయింగులు ఇచ్చి వెళ్ళాడు. వాడు ఇన్నేళ్ళూ పెద్ద ఇంజినీరు దగ్గర ఇంకొకళ్ళ భవనాలకి మెట్లూ స్నానాలగదులూ గీసిపెట్టినవాడు. పునాది నుంచి పిట్టగోడ దాకా తన చేత్తో గీసిన మొదటి భవనం ఇదే, నా క్రెష్. జూన్‌కల్లా ఈ అద్దె ఇల్లు ఖాళీ చేయాలి. రెండు వీధుల అవతల మా స్థలం ఉంది కాబట్టి బతికిపోయాను.

మేడ మీది గది చూస్తూ కూర్చుండిపోయాను. తూర్పుకి పెద్ద కిటికీ. వంపు తిరిగిన మెట్లు ఎక్కి వెళ్తే చంటిపిల్లల నిద్రగది. ఎనిమిది తొట్టిమంచాలూ వరసగా గీసి, ఒక్కోదాంట్లో చిన్న దిండు కూడా గీశాడు. చివరి మంచంలో దిండు పక్కన ఓ కుందేలు బొమ్మ. అది చిట్టిదట. చిట్టి వాడి కూతురే, ఏడాది నిండింది, పగలంతా నా దగ్గరే ఉంటుంది. ఉరుమొచ్చినా లేవదు, నిద్రమొహంది.

డ్రాయింగులు రెండు సెట్లు. ఇది ఇంటి సెట్. రెండోది ఆఫీసు సెట్. అందులో అదే గది, అదే కిటికీ, మంచాలు మాత్రం లేవు, మధ్యలో "స్టోర్" అని రాసి ఉంది. "చంటిపిల్లల గది అని రాస్తే సవాలక్ష అడుగుతారక్కా. స్టోర్ అంటే ముద్ర కొట్టి పంపేస్తారు. అందరూ చేసేదే," అన్నాడు.

మేస్త్రి మాత్రం పునాది తవ్వేముందు ఒకసారి మున్సిపల్ ఆఫీసులో సలహా గదికి వెళ్ళి రమ్మంటున్నాడు. అర్జీ పెట్టకముందే ప్లాను చూసి ఏది కుదురుతుందో ఏది కుదరదో చెబుతారట. "గోడలేపాక పడగొట్టమంటే నావల్ల కాదమ్మా. కాగితం మీదయితే రబ్బరు చాలు," అన్నాడు. తమ్ముడు నవ్వి, "వెళ్ళు, తప్పేముంది. ఆఫీసు సెట్ పట్టుకెళ్ళు," అన్నాడు.

రేపు వెళ్తాను. ఊరికే, మేస్త్రి మాట తీసెయ్యడం ఎందుకని.


ఫిబ్రవరి 4, మంగళవారం

వెళ్ళొచ్చాను.

మూడో అంతస్తులో చివరి గది. తలుపుకి అట్టముక్క: "అర్జీకి ముందు సలహా. మంగళ, గురువారాలు." కింద అంతస్తులో ముద్రల కోసం జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఇక్కడ నాలుగు కుర్చీలూ ఖాళీ. లోపల ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, చెవి మీద పెన్సిల్ ముక్క. పేరు అడగడం మర్చిపోయాను. పెన్సిలావిడ అనుకుంటాను.

"పునాది తవ్వేశారా?" అంది.

"ఇంకా లేదండీ."

"గుంటలు కూడా తియ్యలేదా?"

"లేదు."

ఆవిడ మొహం విప్పారింది. "ఇంత ముందుగా ఎవరూ రారు. కూర్చోండి, కూర్చోండి," అని తన కుర్చీ దగ్గరకి లాక్కుంది. నాకు చుట్టమింటికి వచ్చినట్టయింది.

కాగితం చుట్ట విప్పితే ఇంటి సెట్. పప్పులో కాలేశాను. మళ్ళీ చుట్టేయబోయాను, ఆవిడ అరచెయ్యి అప్పటికే దాని మీద ఉంది.

ఇక ఆవిడ చేసింది ఎలా రాయాలో తెలీడం లేదు. పెన్సిల్‌ని తలకిందులుగా పట్టుకుంది, గీత పడకుండా. గేటు దగ్గర పెట్టింది. "వస్తున్నాను. వాన పడుతోంది అనుకుందాం. గొడుగు ఎక్కడ పెట్టను? సరే, చేతిలోనే ఉంచుకుంటాను," అంటూ లోపలికి నడిచింది. కుర్చీలోంచి లేవలేదు, అయినా నడిచింది. ఆటగదిలో ఆగి కిటికీ ఎత్తు బాగుందంది, పిల్లలకి వీధి కనిపిస్తుందట. వంటగది దాటుతూ, పాలు పొంగితే ఆవిరి ఎటు వెళ్తుందో చూసింది. కాగితం మీద ఆవిరి ఎటు పోతుందో ఆవిడకి కనిపిస్తోంది. నేను పదేళ్ళు ఇల్లంతా తిరిగి కూడా ఇంత చూడలేదు.

"ఎవరు గీశారు?"

"మా తమ్ముడండీ."

"ఇష్టంగా గీశాడు," అంది. నాకు కళ్ళు చెమర్చాయి.

మెట్ల దగ్గర పెన్సిల్ నెమ్మదించింది. ఒక్కో మెట్టూ ఎక్కింది. పద్దెనిమిది. పైగదిలోకి వెళ్ళి మంచాల మధ్య చాలాసేపు నిలబడింది.

"ఎనిమిదిమంది. నడక రానివాళ్ళేనా?"

"ఎవరికీ రాదండీ."

"పెద్దవాళ్ళు ఎంతమంది ఉంటారు?"

"నేనూ, ఆయా."

"మీరు ఒకసారికి ఎంతమందిని ఎత్తుకోగలరు?"

"ఇద్దర్ని," అన్నాను, కొంచెం గొప్పగానే. ఈ పనిలో చేతులు గట్టిపడిపోయాయి.

"మెట్లు దిగుతూనా? మరి రెయిలింగ్ ఏ చేత్తో పట్టుకుంటారు?"

నేను నా చేతుల వంక చూసుకున్నాను. నిజంగానే చూసుకున్నాను, మూడోది ఎక్కడైనా ఉందేమోనన్నట్టు.

"అయితే ఒక్కరినే," అన్నాను.

"ఒక్కొక్కరూ నలుగుర్ని దింపాలి. నాలుగుసార్లు దిగాలి, మధ్యలో మూడుసార్లు మళ్ళీ పైకెక్కాలి. ఎక్కగలరా?"

కాగితం మీద మెట్లు నేనూ ఒకసారి లెక్కపెట్టాను.

తర్వాత అరలోంచి నియమాల పుస్తకం తీసి నా వైపు తిప్పింది. నాలుగు వాక్యాలు. నడవలేని పిల్లల గది నేల అంతస్తులోనే ఉండాలి. ఆ గదికి నేరుగా బయటికి ఒక తలుపుండాలి. ఆ తలుపు బయటికి తెరుచుకోవాలి. చక్రాల మంచం అందులోంచి పట్టాలి. నలుగురు పిల్లల్ని ఒక్క చక్రాల మంచంలో వేసి తోసుకుపోవచ్చట. నేను ఒకటి, ఆయా ఒకటి. ఒక్కసారి తోస్తే చాలు, అందరూ బయటే.

ఎవరో, ఎక్కడో కూర్చుని, నా మొహం ఎన్నడూ చూడకుండా, నాకు చేతులు రెండేనని గుర్తుపెట్టుకుని ఇది రాశారు. నాకే గుర్తులేని సంగతి అది.

"ఇది సలహా గది. ఇక్కడ నేను ఔననను, కాదనను. ముద్ర కిందవాళ్ళు కొడతారు," అంది లేస్తూ. "కానీ చూసినది చూడలేదని మాత్రం అనలేను."


ఫిబ్రవరి 5, బుధవారం

రెండు చుట్టలూ ఒకేలా ఉన్నాయి. అలమారులో పక్కపక్కనే ఉన్నాయి. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది.


ఫిబ్రవరి 6, గురువారం

తమ్ముడు సాయంత్రం చిట్టిని తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు చెప్పాను. ముందు నవ్వాడు. ఏ సెట్ చూపించానో చెప్పగానే నవ్వు ఆగిపోయింది.

"ఆఫీసు సెట్ పట్టుకెళ్ళమన్నానా లేదా?"

"పొరపాటయింది."

"ఇప్పుడు స్టోర్ అని రాసి ఇస్తే ఆవిడ ఊరుకుంటుందా? ఆ సెట్ చించెయ్యాల్సిందే. పిల్లల గది కిందకి దింపితే ఆటగది పైకి పోవాలి, వంటగది కదలాలి, ఇంక ఆ మెట్లెందుకు? మొత్తం భవనమే పోయినట్టు." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచేదాన్ని.

"ఒరేయ్, ఆవిడ చెప్పింది విన్నావంటే..."

"గోరంతని కొండంత చేస్తున్నావక్కా. పదేళ్ళుగా నడుపుతున్నావు. ఒక్కరోజైనా ఏమైనా జరిగిందా?"

నేను చిట్టి సంచి సర్దాను. ఆయా వంటగదిలోకి వెళ్ళిపోయింది.

"నచ్చకపోతే వేరేవాళ్ళతో గీయించుకో," అని చిట్టిని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అది నిద్రలోనే వెళ్ళింది.

వాడి మొదటి భవనం. ఇంజినీరుకి, తోటివాళ్ళకి, అందరికీ చూపించుకున్నాడట. కోపం రావడంలో తప్పేముంది. నాకైతే కోపం లేదు.


ఫిబ్రవరి 7, శుక్రవారం

టేపు దొరికింది. ఇల్లంతా కొలిచాను. నా నడుము కూడా కొలిచాను గానీ ఆ సంఖ్య ఇక్కడ రాయను.

ఇప్పుడు పిల్లలు పడుకునే వెనకగది తలుపు ఇరవై ఎనిమిది అంగుళాలు. తొట్టిమంచం ముప్ఫై. రెండుసార్లు కొలిచాను. వీటిని ముక్కలుగా తెచ్చి లోపల బిగించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళుగా రోజుకి ఇరవైసార్లు ఆ గుమ్మం దాటుతున్నాను. ఒక్క మంచమూ అందులోంచి బయటికి రాదని ఇవాళే తెలిసింది.

తలుపంటే గోడలో కన్నం అనుకునేదాన్ని. ఇప్పుడు ఏ తలుపు చూసినా నిలబడిపోతున్నాను. పొద్దున పాలబూత్ తలుపు ఎటు తెరుచుకుంటుందో చూస్తూ దారికి అడ్డంగా ఉన్నానని ఒకాయన కసురుకున్నాడు.


ఫిబ్రవరి 10, సోమవారం

రాస్తాను. ఇది ఎవరూ చదవరు.

చుట్టలు ఒకేలా లేవు. ఆఫీసు సెట్‌కి తమ్ముడు నీలం దారం కట్టాడు. ఇంటి సెట్‌కి రబ్బరు బ్యాండు. నాకు తెలుసు. రబ్బరు బ్యాండు చుట్ట తీసుకుని, అలమారు మూసి, పిల్లల్ని ఆయాకి అప్పగించి, బస్సెక్కాను. ఎవరైనా ఆ ఎనిమిది మంచాలూ చూడాలని తీసుకెళ్ళాను. చూసి, వద్దని, నా బదులు వాళ్ళు చెప్పాలని.

జనవరి ఇరవై రెండు. పొద్దున పదకొండున్నర. పిల్లలు పడుకున్నారు. పాల పొయ్యి పక్కన గుడ్డ అంటుకుంది. మంట పెద్దది కాదు, పొగ మాత్రం నడవ అంతా నల్లగా కమ్మేసింది. నేనూ ఆయా పరుగెత్తాం. ఇద్దర్ని ఎత్తుకుని పెరట్లో దుప్పటి మీద పడుకోబెట్టాను, మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ తెచ్చాను. అందరూ ఏడుస్తున్నారు. ఆ ఏడుపులు విని బతికాంరా దేవుడా అనుకున్నాను. దుప్పటి మీద లెక్కపెట్టాను. ఏడుగురు.

ఏడవని పిల్ల ఒకతి ఉంది కదా. చివరి మంచంలో ఉంది, నోరు కొంచెం తెరుచుకుని, హాయిగా నిద్రపోతోంది. నేను ఆ గదిలో మూడుసార్లు తిరిగాను, ఏడ్చినవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళాను. ఎత్తుకుంటే లేవలేదు. గదిలోకి పొగ ఇంకా రాలేదు. గుమ్మం దగ్గర ఉంది.

నా తమ్ముడి కూతురు. నా చిట్టి.

కిటికీలు తీశాం. గోడ తుడిచాం. సాయంత్రం పిల్లల అమ్మానాన్నలు వస్తే నవ్వుతూ అప్పగించాను. వాడికీ అప్పగించాను. "బాగా పడుకుందా?" అన్నాడు. "ఎప్పటిలాగే," అన్నాను.

ఎవరికీ చెప్పలేదు. ఆయాని కూడా చెప్పొద్దన్నాను. ఆ రోజు నుంచీ అది నా వంక సూటిగా చూడటం మానేసింది.

చెబితే తమ్ముడు నాతో మాట్లాడడు. నాకున్నది వాడొక్కడే.


ఫిబ్రవరి 13, గురువారం

మంగళవారం మళ్ళీ పెన్సిలావిడ దగ్గరకి వెళ్ళాను. తమ్ముడు ఒప్పుకోవట్లేదన్నాను. "మాటలతో ఒప్పించకండి. మోయించండి," అంది.

మేస్త్రి పక్కవీధిలో కడుతున్న ఇంట్లో మెట్లు పూర్తయ్యాయి, రెయిలింగ్‌తో సహా. లెక్కపెట్టి పద్దెనిమిదే అన్నాడు. పది కిలోల ఇసుక మూటలు ఎనిమిది కట్టి పైగదిలో పెట్టించాడు. తమ్ముడికి ఫోన్ చేసింది కూడా ఆయనే. నేను చేస్తే వచ్చేవాడు కాదు, వారంగా చిట్టిని తెచ్చి తీసుకెళ్తున్నది కూడా మరదలే.

సాయంత్రం పిల్లలంతా ఇళ్ళకి వెళ్ళాక నేనూ ఆయా అక్కడికి వెళ్ళాం. వాడు వచ్చేసరికి మొదటి మూట దింపి రెండోదానికి ఎక్కుతున్నాను. ఆయా నా వెనక. రెండో మూట దించాక కింద మెట్టు మీద కూలబడ్డాను. వాడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"లే అక్కా. ఏంటీ పిచ్చిపని," అని, నా బదులు వాడే ఎక్కాడు. ఒకటి దింపాడు. ఎక్కాడు. ఇంకోటి దింపాడు. అప్పటికే నాకంటే ఎక్కువ ఆయాసపడుతున్నాడు, కుర్చీలో కూర్చుని గీసే మనిషి. చివరి మూట కోసం ఎక్కి, దాన్ని గుండెలకి ఆనించుకుని, రెయిలింగ్ పట్టుకుని దిగాడు. ఆ మూట మోస్తున్న తీరు చూశాను. చిట్టినీ అలాగే ఎత్తుకుంటాడు.

కింద ఆగి, "సరే, కష్టమే. ఒప్పుకున్నాను. కానీ ఎప్పుడూ జరగనిదాని కోసం..." అన్నాడు.

"జరిగింది," అన్నాను.

చెప్పేశాను. మేస్త్రి ముందే, ఆయా ముందే. పొగ, దుప్పటి, ఏడుగురు, చివరి మంచం. ఆయా పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

వాడు చేతిలో మూటని నెమ్మదిగా, తల వైపు చెయ్యి అడ్డం పెట్టి, నేల మీద పడుకోబెట్టాడు. ఇసుక మూటకి తల ఉంటుందా. తర్వాత వెళ్ళిపోయాడు.


ఫిబ్రవరి 14

చిట్టి రాలేదు.


ఫిబ్రవరి 15

చిట్టి రాలేదు. మరదలు ఫోన్ ఎత్తలేదు.


ఫిబ్రవరి 17, సోమవారం

రాలేదు. దాని మంచంలో దుప్పటి మార్చాను. మార్చాల్సిన పనేం లేదు.

ఆయా ఇవాళ నా వంక చూసింది. "ఇంత తింటారా?" అని కంచం పెట్టి పక్కన కూర్చుంది. నాకు దక్కింది అదొక్కటే.


ఫిబ్రవరి 18, మంగళవారం

మేడ వద్దు, నేల అంతస్తు ఒక్కటే చాలు, ఎవరితోనైనా గీయించుకుంటానని పెన్సిలావిడకి చెబుదామని వెళ్ళాను. సలహా గదిలో ఒక కుర్చీ నిండి ఉంది. తమ్ముడు.

నన్ను చూసి పక్కకి జరిగాడు, అంతే. గడ్డం గీసుకోలేదు. బల్ల మీద కొత్త కాగితం. నేను దాన్ని చూశాను, ఇంక చూపు తిప్పుకోలేకపోయాను. తూర్పు కిటికీ కిందకి దిగింది. కిటికీ కింద గోడంతా తీసేసి, అక్కడే తలుపు పెట్టాడు, రెండు రెక్కలది, బయటికి తెరుచుకునేది. తలుపు అవతల మెట్టు లేదు, వాలు ఉంది, అది పెరట్లోకి వెళ్తుంది. పొద్దుటి ఎండ ఇదివరకు కిటికీలోంచి వచ్చేది, ఇప్పుడు తలుపులోంచి వస్తుంది. వంపు మెట్లు లేవు. నాలుగు రోజుల్లో భవనాన్ని లోపలిది బయటికి తిప్పేశాడు. వీడు నా వేలు పట్టుకుని బడికెళ్ళినవాడేనా అనిపించింది.

పెన్సిలావిడ పెన్సిల్ తలకిందులు చేసి వాడికి ఇచ్చింది. "ఈసారి మీరు నడవండి. నడవలో పొగ ఉంది. మీరు పిల్లల గదిలోకి వచ్చారు. ముందు ఎవర్ని ఎత్తుకుంటారు?"

వాడు పెన్సిల్ గది మధ్యలో ఆపాడు. "నా కూతురు ఏ మంచంలో ఉందో వెతుక్కుంటానండీ," అన్నాడు.

"ఎవరైనా అంతే," అంది ఆవిడ, మామూలుగా. "మీరు గీసిన దాంట్లో వెతుక్కునే పని ఉందా?"

వాడు చూసుకున్నాడు. మంచాలకి చక్రాలు గీశాడు. తలుపు కొలత అంగుళాల్లో రాశాడు. దిండ్లు లేవు, కుందేలు లేదు, అన్ని మంచాలూ ఒకటే. "లేదండీ," అన్నాడు.

ఆవిడ కాగితాన్ని రెండు చేతులతో చుట్టి వాడికిచ్చింది. "కింద ఇచ్చెయ్యండి. ఒకటే సెట్ ఇవ్వండి," అంది.

వరండాలోకి వచ్చాక కూడా నా వైపు చూడలేదు. కిందకి దిగాం, అర్జీ ఇచ్చాం, ముద్ర పడింది. గేటు దగ్గర అడిగాడు, "మిగతా ఏడు ఇళ్ళకీ చెప్పావా?"

"లేదు."

"చెప్పాలి కదా."

"చెప్పాలి."

"నేనూ వస్తాను పద," అన్నాడు.


ఫిబ్రవరి 19, బుధవారం

నిన్న ఏడిళ్ళకీ వెళ్ళాం. ప్రతి గుమ్మంలో నేనే మాట్లాడాను. వాడు పక్కన నిలబడ్డాడు. ఇద్దరు ఇక పిల్లల్ని పంపేది లేదన్నారు, ఒకాయన తలుపు మొహం మీద వేశాడు. ఒకమ్మాయి లోపలికి వెళ్ళి పిల్లని ఎత్తుకొచ్చి, వింటున్నంతసేపూ దాని వీపు నిమురుతూనే ఉంది, చివరికి ఆలోచించుకుని చెబుతానంది. అందరికీ సమాధానం చెప్పుకున్నాను. ఒక్కళ్ళకీ అబద్ధం చెప్పలేదు.

పొద్దున తొమ్మిదింటికి నలుగురు వచ్చారు. నేను చేసిన పనికి నలుగురు ఎక్కువే. ఆ పిల్లల్ని ఒక్కొక్కరినే చేతిలోకి తీసుకున్నాను.

పదింటికి తమ్ముడు వచ్చాడు. ఒక చేత్తో చిట్టి, ఇంకో చేతిలో స్క్రూడ్రైవర్లు, రెంచీలు ఉన్న సంచి. చిట్టిని నాకిచ్చాడు. కొత్త భవనం గురించి నేనేదో మొదలుపెట్టబోతే అడ్డుపడ్డాడు.

"జూన్ దాకా వీళ్ళెక్కడ పడుకుంటారు?"

నాకు సిగ్గేసింది. పదిహేను రోజులుగా కట్టని ఇంట్లో పిల్లల్ని ఎక్కణ్ణుంచి ఎక్కడికి దింపాలో ఆలోచిస్తున్నాను. ఉన్న ఇంట్లో రోజూ వాళ్ళని ఆ వెనకగదిలోకే మోసుకెళ్ళి పడుకోబెడుతున్నాను.

వాడు వెనకగదిలోకి వెళ్ళి మంచాలు ఒక్కోటే ఊడదీశాడు. ఆయా ముక్కలు మోసింది, నేను మోశాను. ముందుగదిలో సోఫా తీసేసి, పక్క పెరట్లోకి ఉన్న పెద్ద తలుపుకి ఎదురుగా మళ్ళీ బిగించాడు. ఎనిమిదీ బిగించాడు. ఐదుగురే ఉన్నారు కదరా అంటే వినిపించుకోలేదు. ప్రతిదాని కాళ్ళకీ చక్రాలు వేశాడు. ఒక్కోటీ తలుపు దాకా తోసి, పెరట్లోకి తోసి, వెనక్కి తెచ్చాడు. అన్నీ పట్టాయి.

ఇప్పుడు మధ్యాహ్నం. పెరటి తలుపు తీసే ఉంది, ఎండ మంచాల దాకా వచ్చింది. పిల్లలు పడుకున్నారు. ఐదుగురూ ఉన్నారు, ఇది రాస్తూ రెండుసార్లు లేచి చూసొచ్చాను. తమ్ముడు చిట్టి మంచం పక్కన నేల మీద, రెంచి చేతిలో పట్టుకునే నిద్రపోయాడు. నాలుగు రోజులుగా నిద్ర లేదని మరదలు ఫోన్‌లో చెప్పింది.

వాడికి ఆఫీసు ఉంది, లేపి పంపాలి. ఆయా రెండుసార్లు సైగ చేసింది. లేపలేదు.